రెండు కార్ల సమన్యాయం

మా సంచార పశువైద్య మండలి జీపు ఆగిపోయిన రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంతకుముందు చాలాసార్లు ఆగిపోయి మళ్లీ నడిచింది కాబట్టి ఈసారీ నడుస్తుందనుకున్నాం. మెకానిక్ వచ్చాడు. బానెట్ ఎత్తి లోపలికి చూశాడు. ఏమీ ముట్టుకోకుండా మెల్లగా మూసేశాడు. ఆ మూయడంలోనే మాకు అర్థమైపోయింది.

నా పేరు చెంగల్రాయులు. మండలిలో పరిపాలనాధికారిని. చిత్తూరు జిల్లాలో ఓ మూల, కర్ణాటక సరిహద్దు దాకా పరుచుకున్న పల్లెల్లో పాడి ఆవులకు జబ్బు చేస్తే డాక్టరును ఇంటి ముందుకే పంపడం మా మండలి పని. డాక్టరు ఒక్కరే, చంద్రకళ. మిగతా వాళ్లమంతా ఆమెను పంపేవాళ్లం.

జీపు పోయిన వెంటనే కొత్త వాహనానికి మంజూరు కూడా వచ్చేసింది. చంద్రకళ సంతోషపడింది. నేనూ సంతోషపడ్డాను. ఇద్దరమూ తొందరపడ్డాం. ఎందుకంటే సరిగ్గా అదే వారం మా డైరెక్టర్ పరాంకుశంగారు ఊటీలో జరిగిన ఒక సదస్సు ముగించుకుని తిరిగొచ్చారు.

ఆయన సదస్సుకు వెళ్లొస్తే మాకు కొత్త మాట ఒకటి వస్తుంది. ఈసారి వచ్చిన మాట 'తులనాత్మక సమన్యాయం'.

"చెంగల్రాయులూ, దేశం కూడలిలో నిలబడి ఉంది. ఒకవైపు తరతరాలుగా ఇంజన్లు చేస్తున్న సంప్రదాయ కంపెనీలు. మరోవైపు నిన్నగాక మొన్న పుట్టి బ్యాటరీలతో పరిగెత్తిస్తున్న కొత్త కంపెనీలు. ఎవరు మేలు? ఈ ప్రశ్నకు మన మండలి జవాబు చెప్పబోతోంది" అన్నారు.

"మనకు కావలసింది ఒక బండే కద సార్" అన్నాను.

"ఒక బండి అయినా సరే. ఒకరిని ఎంచుకుంటే మరొకరికి అన్యాయం జరగకూడదు. సమాన ప్రాతిపదిక మీద పోల్చాలి. పోల్చిన తరువాతే కొనాలి."

నాకు అప్పుడు అది సబబుగానే తోచింది. మా ఆఫీసులో సబబుగా తోచనిది ఏదీ మొదలుకాదు.

తులనాత్మక అధ్యయన సంఘం ఏర్పడింది. అధ్యక్షులు డైరెక్టరుగారు. యాంత్రిక సలహాదారు కోదండపాణిగారు. ఈయన రిటైరైన ఇంజనీరు. బోర్‌వెల్ పంపుసెట్ల మీద చాలా కృషి చేశారు. సభ్య కార్యదర్శిని నేను. రెండు కంపెనీలు తలా ఒక కారును పరీక్షకు పంపాయి. కార్లతోపాటు ఇద్దరు మనుషుల్నీ పంపాయి.

ఎలక్ట్రిక్ కారుతో వచ్చిన అమ్మాయి పేరు యామిని. పాతికేళ్లుంటాయేమో. గబగబా మాట్లాడుతుంది. ఈ జిల్లాలో వాళ్ల బ్రాంచి తెరిచి ఎంతో కాలం కాలేదు. ప్రభుత్వ ఆర్డరు ఒక్కటైనా రాకపోతే మూసేస్తామని పైవాళ్లు చెప్పారట. డీజిల్ కారుతో వచ్చినాయన మస్తాన్ సాహెబ్. ప్రభుత్వ ఆఫీసులకు బండ్లు అమ్ముతూనే గడ్డం తెల్లబడింది. వచ్చే వేసవికి రిటైరవుతాడు. ఇప్పుడంతా ఆన్‌లైనులో అమ్ముతున్నాం, నువ్వు ఊరికే తిరగడం దేనికని కుర్ర మేనేజరు ఒకడు అన్నాడట. ఆ మాటకు జవాబుగా ఈ ఆర్డరు పట్టుకుపోయి వాడి బల్ల మీద పెట్టాలని ఆయన పట్టుదల.

మొదటిరోజు ఇద్దరూ వరండాలో చెరో బెంచీ మీద, చెరో వైపు తిరిగి కూర్చున్నారు.

మొదటి అంశం అనుభవం. కార్ల తయారీలో పాతికేళ్ల అనుభవం ఉండాలని నిబంధన. యామిని లేచి, "సార్, మా కంపెనీ పుట్టి నాలుగేళ్లే అయింది" అంది.

మస్తాన్ సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. డైరెక్టరుగారు ఆయన వైపు తిరిగారు.

"మీకు బ్యాటరీలతో నడిచే కార్లలో ఎన్నేళ్ల అనుభవం?"

"మాది డీజిలు సార్. బ్యాటరీ అంటే స్టార్టింగుకే."

"అంటే సున్నా. వారికి ఇంజన్లలో సున్నా. మీకు బ్యాటరీలలో సున్నా. ఒకరి విద్యలో ఒకరు నిరక్షరాస్యులు. రాసుకోండి చెంగల్రాయులూ, అనుభవంలో ఇరువురూ సమానం."

రాసుకున్నాను. మస్తాన్ సాహెబ్ మొహం చూడలేకపోయాను.

రెండో అంశం ఇంజన్ ఆయిల్. కోదండపాణిగారు ఎలక్ట్రిక్ కారు ముందుభాగం ఎత్తి చాలాసేపు వెతికారు. చివరికి టైరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని కిందికి కూడా చూశారు.

"ఆయిల్ లేదు" అని ప్రకటించారు.

"అవసరం లేదు సార్, ఇంజనే ఉండదు" అంది యామిని.

"అవసరం ఉందా లేదా అన్నది అభిప్రాయం. ఉందా లేదా అన్నది వాస్తవం. వాస్తవానికే మార్కులు. సున్నా."

అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి. డైరెక్టరుగారు మెత్తని మనిషి. ఆడపిల్ల కంటతడి పెడితే చూడలేరు. అందుకని, ఆయిల్ లేని కారణంగా ఒక పక్షానికి నష్టం జరగడం సమన్యాయానికి విరుద్ధమని, కాబట్టి ఆయిల్ సమకూర్చుకోవడానికి అవకాశం ఇవ్వాలని ఆదేశించారు. యామిని బజారుకెళ్లి ఒక డబ్బా కొనుక్కొచ్చి వెనక సీట్లో పెట్టింది. కోదండపాణిగారు డబ్బా మూత తీసి, వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, నాణ్యత చాలా బాగుందని పూర్తి మార్కులు వేశారు.

ఇప్పుడు మస్తాన్ సాహెబ్ లేచాడు.

"సార్, లేనిదానికి ఆ పాపకు మార్కులేస్తిరి. చార్జింగ్ అంశంలో నాకు సున్నా అని రాసి పెట్టుకోనుండారు. నాకేం న్యాయం సార్?"

సంఘం ఆలోచనలో పడింది. న్యాయమైన ప్రశ్నే. మర్నాటికల్లా మస్తాన్ సాహెబ్ డీజిలు కారు పక్క రేకుకు చక్కటి తెల్ల సాకెట్టు ఒకటి స్క్రూలతో బిగించుకొచ్చాడు. కోదండపాణిగారు అందులో ప్లగ్గు పెట్టారు. గట్టిగా కూర్చుంది.

"లోపల దేనికైనా కనెక్షన్ ఉందా సార్?" అని నేనే అడిగాను. సభ్య కార్యదర్శి అడగాలి కదా.

"అది కారు అంతర్గత విషయం. మన అంశం సాకెట్టు ఉందా, లేదా" అన్నారాయన. పూర్తి మార్కులు.

ఆ సాయంత్రం చంద్రకళ ఆఫీసుకు వచ్చింది. బస్సు దిగి నడిచొచ్చినట్టుంది, చెప్పుల నిండా ఎర్రమట్టి. మందుల పెట్టె బల్ల మీద పెట్టి డైరెక్టరుగారి ముందు నిలబడింది.

"సార్, మీరు పోల్చడం ఎప్పటికవుతుంది? ఇవాళ ఒక ఆవు పెయ్య కడుపుబ్బరంతో పడిపోయిందని పొద్దున్నే ఫోన్ చేశారు. బస్సెక్కి, దిగి, ఆ పైన పాలవ్యాను పట్టుకుని పోయేసరికి ప్రాణం పోయింది. ఒక్క సూది సార్. ఒక్క సూది గుచ్చి గాలి తీసేస్తే బతికేది."

డైరెక్టరుగారు నిజంగానే బాధపడ్డారు.

"చాలా విచారకరం. నివేదికలో మాత్రం వాహనం లేక అని రాయకండమ్మా. వాహనం తులనాత్మక దశలో ఉంది అని రాయండి."

"రెంటిలో ఏదో ఒకటి ఇప్పించండి సార్. ఏదైనా ఫరవాలేదు. నాలుగు చక్రాలుంటే చాలు."

"ఏదైనా ఫరవాలేదా? అదే వద్దన్నది. వినియోగదారుకు ఇంత నిర్లక్ష్యం పనికిరాదు. అలాగని ఇష్టమూ ఉండకూడదు. ఇష్టముంటే పక్షపాతం. మీరు ఫలితాలు వెలువడేదాకా ఈ రెండు కార్ల వైపూ చూడకుండా ఉంటే మంచిది."

చంద్రకళ పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది. వరండాలో మస్తాన్ సాహెబ్, యామిని ఇద్దరూ ఈ మాటలు విన్నారు. ఆ రోజు వాళ్లు బెంచీల మీద ఒకే వైపు తిరిగి కూర్చుని ఉండటం గమనించాను. కానీ అది అధ్యయన పరిధిలోకి రాదు కాబట్టి రాసుకోలేదు.

పొగ పరీక్ష ఇంకా క్లిష్టమైంది. కోదండపాణిగారు పొగ కొలిచే యంత్రం తెప్పించారు. దాని గొట్టం సైలెన్సర్‌లో పెట్టాలి. ఎలక్ట్రిక్ కారుకు సైలెన్సర్ లేదు.

"పొగే రాదు కద సార్. దీని గొప్పే అది" అంది యామిని. చేతులు జోడించి మరీ అంది.

"పొగ రాదని మీరంటున్నారు. మీరు అమ్మేవారు. మేం నమ్మాలంటే పరీక్షించాలి. పరీక్షించాలంటే పొగ ఉండాలి. పొగే లేకపోతే అది పరిమితికి లోబడి ఉందని ఏ ధైర్యంతో సంతకం చేస్తాం?" అన్నారు డైరెక్టరుగారు.

ఈ తర్కంలో ఎక్కడ లోపముందో ఆమె చాలాసేపు వెతికింది. దొరకలేదు. దొరికినా సంతకం ఆయనదే.

ఆ రోజు మస్తాన్ సాహెబ్ చేసిన పని నేను చెప్పితీరాలి. ఆయనకు మెకానిక్కులంతా చుట్టాలు. ఒక పాత సైలెన్సర్ తెప్పించి, తానే దగ్గరుండి ఎలక్ట్రిక్ కారు వెనక కమ్మీతో కట్టి వేలాడదీయించాడు. తరువాత జేబులోంచి సాంబ్రాణి పొట్లం తీశాడు.

"చాచా, మీరెందుకు ఇదంతా..." అంది యామిని. సాహెబ్‌గారూ అనే పిలుపు చాచా ఎప్పుడయిందో నాకు తెలియదు.

"ఊరుకో పాపా. ఇది తొందరగా తెమిలితే ఆ డాక్టరమ్మకు బండొస్తుంది. నీదో నాదో తరువాత చూసుకుందాం."

గొట్టంలో నిప్పు పెట్టి సాంబ్రాణి వేశారు. తెల్లటి పొగ సుడులు తిరుగుతూ వచ్చింది. ఆఫీసంతా గుళ్లో ఉన్నట్టయింది. టైపిస్టు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. యంత్రం ఏదో అంకె చూపించింది. కోదండపాణిగారు గట్టిగా గాలి పీల్చి, "ఉద్గారాలు సంతృప్తికరం. పైగా ఆహ్లాదకరం" అని రాయించారు. తరువాత డీజిలు కారు పొగ పీల్చి దగ్గారు. సమన్యాయం దెబ్బతింటుందేమోనని ఆ సైలెన్సర్‌లోనూ చిటికెడు సాంబ్రాణి వేయించారు.

ఇలా ఒక్కో అంశమూ సమానమవుతూ వచ్చింది. ఎలక్ట్రిక్ కారు శబ్దం చేయదు కనుక దాని కిటికీకి మైకు కట్టి ఇంజను చప్పుడు రికార్డు వేశారు. డీజిలు కారు తేలికగా ఉంది కనుక బరువు సరిచేయడానికి దాణా బస్తాలు ఎక్కించారు. కొన్నాళ్లకు దూరం నుంచి చూస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టమయ్యే స్థితి వచ్చింది. డైరెక్టరుగారు దాన్ని అధ్యయన విజయంగా భావించారు.

చివరికి మిగిలింది బహిరంగ పరుగు పందెం. పశువుల సంత జరిగే మైదానంలో షామియానా వేశారు. అతిథులను పిలిచారు. పరుగుకు ముందురోజు సంఘం కూర్చుని ఒక ముఖ్యమైన చిక్కు మీద చర్చించింది.

చిక్కు ఇదీ. డీజిలు ట్యాంకు నింపడానికి టీ తాగినంత సేపు చాలు. బ్యాటరీ నింపడానికి పూటలు పడుతుంది. నిండు ట్యాంకు, నిండు బ్యాటరీ సమానమని ఎలా చెప్పగలం? సగం ట్యాంకు, సగం బ్యాటరీ సమానమా? ఏ సగానికి ఏ సగం సమానం? కోదండపాణిగారు నల్లబల్ల మీద లెక్కలు వేసి చెరిపేశారు. చివరికి డైరెక్టరుగారికి తట్టింది.

"సున్నా! ఎవరి సున్నా అయినా సున్నాయే కదా? రెండింటినీ పూర్తిగా ఖాళీ చేయించండి."

"మరి పరిగెత్తేదెట్లా సార్?" అన్నాను.

"సిబ్బంది ఉన్నారు కదా. నెడతారు. మానవశక్తిలో వివక్ష ఉండదు."

మీటింగ్ మినిట్స్‌లో నేను ఈ మాటలను అక్షరం పొల్లుపోకుండా రాశాను. నెట్టేవాళ్ల బరువులు కూడా తూచి, రెండు జట్లుగా పంచాం.

పందెం రోజు ఎండ గట్టిగా ఉంది. కార్లు రెండూ గీత దగ్గర నిలబడ్డాయి. ఒకదానికి వేలాడే సైలెన్సర్, మైకు. ఇంకోదానికి సాకెట్టు, దాణా బస్తాలు. డోర్లకు లక్క సీలు వేసి ఉంది. చంద్రకళను వేదిక మీద కూర్చోబెట్టారు. కాబోయే వినియోగదారుగా రిబ్బను ఆమె చేతే కత్తిరించాలని డైరెక్టరుగారి కోరిక. ఆయన మైకు పట్టుకుని, "ఈనాడు రెండు యుగాలు ఒకే గీత మీద నిలబడ్డాయి" అని మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడు చంద్రకళ ఫోన్ మోగింది. అవతలి గొంతు ఎంత గట్టిగా ఉందంటే పక్కన కూర్చున్న నాకు కూడా వినిపించింది.

"డాక్టరమ్మా, నేను మునెమ్మను, గుట్టకింద పల్లె నుంచి. ఆవు ఈనలేక పొద్దున్నించి అల్లాడతా ఉండాది తల్లీ. దూడ కాలొకటి బయటికొచ్చింది, తల రాలేదు. ఇంట్లో నేనూ ఆవే ఉండేది. బిన్నా రా తల్లీ, ఆలస్యం చేయొద్దు."

చంద్రకళ లేచి నేరుగా మైకు దగ్గరికి వెళ్లింది. "సార్, దూడ అడ్డం తిరిగింది. ఇప్పుడే వెళ్లాలి. ఒక కారు ఇవ్వండి."

డైరెక్టరుగారు మైకును చేత్తో మూశారు. "ఇప్పుడా? సీలు వేశామమ్మా. ఏ కారు ఇచ్చినా రెండోదానికి అన్యాయం. పందెం అయిపోనివ్వండి."

"ఆవు ఆగదు సార్!"

"ఆవును ఎవరూ ఏమీ అనలేదు. సమస్య ఎంపికది."

ఆమె మెట్లు దిగి కార్ల వైపు పరిగెత్తింది. యామిని ఎదురొచ్చి ఆపింది. "మేడమ్, చార్జి చుక్క లేదు. నిన్న ఖాళీ చేయించారు." మస్తాన్ సాహెబ్ తల అడ్డంగా ఊపాడు. "నాదీ అంతే అమ్మా. పైపు పెట్టి లాగేసిరి."

చంద్రకళ రెండు కార్ల మధ్య నిలబడిపోయింది. కొత్త కార్లు. ఎండలో మెరుస్తున్నాయి. ఆమె ఏడ్వలేదు. నా ఇన్నేళ్ల సర్వీసులో ఒక మనిషి మొహం చూసి అంత సిగ్గుపడిన సందర్భం ఇంకోటి లేదు.

యామిని గొంతు తగ్గించి, "నా కారుంది" అంది.

"నీ కారెక్కడిది పాపా?" అన్నాడు మస్తాన్ సాహెబ్.

"మా నాన్నది. పాత డీజిలు బండి. మా కంపెనీ కారు నేను కొనలేను చాచా. రోజూ అందులోనే వచ్చి, సంత వెనక సందులో పెడుతున్నా. ఎవరైనా చూస్తే మా కంపెనీ పరువు పోతుందని."

మస్తాన్ సాహెబ్ ఒక్క క్షణం ఆ పిల్లను చూసి, నవ్వాపుకోలేక నవ్వేశాడు. "నేనేమో కరెంటు స్కూటరు మీద వస్తాండా. నడుం నొప్పికి అదే సుఖంగా ఉంది. మా కంపెనీ వాళ్లకు చెప్పొద్దు." తరువాత నవ్వు మానేసి చెయ్యి చాపాడు. "తాళం ఇయ్యి. గుట్ట దారి నాకు తెలుసు."

ముగ్గురూ సందులోకి పరిగెత్తారు. వాళ్ల వెనకే నేనూ పరిగెత్తాను. ఎందుకు వెళ్లానని తరువాత డైరెక్టరుగారు అడిగితే, మండలి వైద్యురాలు ప్రైవేటు వాహనంలో ప్రయాణించేటప్పుడు బాధ్యతగల అధికారి తోడుండాలని చెప్పాను. అలాంటి నిబంధన లేదు.

ఆ కారు ఒక అద్భుతం. ఒక తలుపు తీసుకోదు. ఇంకోటి మూసుకోదు. స్టార్టు చేయగానే వెనక నల్లటి పొగ సందంతా కమ్మేసింది. గుట్ట ఎక్కేటప్పుడు దాని చప్పుడుకు చేలల్లో మనుషులు నడుం పైకెత్తి చూశారు. మస్తాన్ సాహెబ్ దాన్ని బుజ్జగిస్తూ, గేరు మారుస్తూ, గుంతలు తప్పిస్తూ ఎలా తోలాడో! యామిని ముందు సీట్లో కూర్చుని, కారిపోతున్న రేడియేటర్ కోసం నీళ్ల సీసా ఒళ్లో పట్టుకుంది. వెనక చంద్రకళ అప్పటికే చేతుల గాజులు తీసేసి, మందుల పెట్టెలోంచి తాళ్లు తీసి సరిచూసుకుంటోంది.

మునెమ్మ పాక ముందు నిలబడి ఉంది. చామనఛాయ ముసలమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని. ఆవు పక్కకు పడుకుని ఉంది. దాని కళ్లు పైకి తేలిపోయి ఉన్నాయి.

చంద్రకళ భుజం దాకా సబ్బు రాసుకుని నేల మీద బోర్లా పడుకుంది. లోపలికి చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది.

"తల వెనక్కి తిరిగి ఉంది. దూడను కాస్త లోపలికి నెట్టి తిప్పాలి. యామినీ, ఆవు తల పట్టుకో. మస్తాన్ భాయ్, చెంగల్రాయులుగారూ, తాడు మీ ఇద్దరిదీ. నేను చెప్పినప్పుడే లాగాలి. ఆవు ముక్కినప్పుడు లాగండి. ఆగితే ఆగండి. సొంత బలం చూపించొద్దు."

ఎంతసేపయిందో నాకు తెలియదు. నేను చొక్కా ఇస్త్రీ చెడకుండా ఉద్యోగం చేసిన మనిషిని. పేడలో కూర్చుని, మడమలు నేలకు తన్ని పట్టుకుని, ఒక ఆవు ముక్కితే లాగుతూ, ఆగితే ఆగుతూ ఉన్నాను. యామిని ఆవు చెవిలో ఏదో చెబుతూనే ఉంది. మునెమ్మ ఒకసారి నా భుజం మీద చెయ్యేసి, "లాగు నాయనా, లాగు" అంది. ఎవరైనా నన్ను నాయనా అని పిలిచి చాలా ఏళ్లయింది.

"దొరికింది! తల వచ్చింది! ఇప్పుడు లాగండి!"

దూడ ఒక్కసారిగా జారి మా కాళ్ల మీద పడింది. కదలలేదు. చంద్రకళ దాని ముక్కులోని జిగురు తీసేసి, గడ్డిపరకతో ముక్కులో పొడిచింది. ఒళ్లంతా గడ్డితో రుద్దింది. దూడ తుమ్మింది. తల విదిలించింది. మళ్లీ తుమ్మింది.

"పెయ్యదూడ" అంది చంద్రకళ. అని నేల మీద అలాగే వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తూ నవ్వింది. మస్తాన్ సాహెబ్ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆవు మెల్లగా మెడ తిప్పి దూడను నాకడం మొదలుపెట్టింది.

మేం తిరిగొచ్చేసరికి మైదానంలో పందెం ముగిసింది. రెండు కార్లూ సమానంగా కదిలాయట. నెట్టినవాళ్లు షామియానా నీడలో పడుకుని ఉన్నారు. డైరెక్టరుగారు కోపంగా ఉన్నారు. రిబ్బను కత్తిరించే మనిషి లేక కోదండపాణిగారు కత్తిరించాల్సి వచ్చింది. కానీ ఆవు సంగతి వినగానే ఆయన కోపం ఆలోచనగా మారింది.

"వెళ్లింది ఏ వాహనంలో?"

చూపించాం. కోదండపాణిగారు దాని చుట్టూ తిరిగారు. ఇంజన్ ఆయిల్ ఉంది, కిందికి కారుతోంది కూడా. పొగ ఉంది. శబ్దం ఉంది. అనుభవం పాతికేళ్లు దాటింది. ఎక్కడా ఏదీ అతికించనక్కర్లేకుండా సాకెట్టు ఒక్కటి తప్ప అన్ని అంశాల్లోనూ పూర్తి మార్కులు. పైగా మొత్తం అధ్యయన కాలంలో ఒక పశువు దగ్గరికి చేరిన ఏకైక వాహనం.

"దీన్నే కొందాం!" అన్నారు డైరెక్టరుగారు, మొహం వెలిగిపోతూ. "రెండు పక్షాలకూ దక్కకుండా మూడో పక్షానికి దక్కడం కంటే సమన్యాయం ఏముంటుంది?"

యామిని వెళ్లి వాళ్ల నాన్న బండికి ఆనుకుని నిలబడింది. మస్తాన్ సాహెబ్ తల పట్టుకున్నాడు. చంద్రకళ నా వైపు చూసింది. ఆ బండి గుట్ట మళ్లీ ఎక్కదని మా నలుగురికీ తెలుసు. పైగా అంత పాత బండి మండలి పేరుకు మారితే, ముసలి ప్రభుత్వ వాహనాలన్నీ పోయే చోటికి, అంటే తుక్కుకు, మర్నాడే పోతుంది.

నా చొక్కాకు ఇంకా పేడ ఉంది. బహుశా అదే నాకు ధైర్యం ఇచ్చిందేమో.

"సార్, కొనడమంటే అధ్యయనం ముగిసినట్టే. అప్పుడే ముగించేద్దామా?" అన్నాను.

"అంటే?"

"ఇంతవరకు మనం చూసింది స్థిర పరిశీలన. కార్లు నిలబడి ఉండగా చూశాం. మీ సమన్యాయం సంపూర్ణం కావాలంటే చర పరిశీలన కూడా ఉండాలి కద సార్. రెండు కార్లకూ అతికించినవన్నీ తీసేసి, నిజమైన పల్లెల్లో, నిజమైన పశువుల దగ్గరికి, ఒకరోజు ఇది, ఒకరోజు అది తిప్పాలి. పక్షపాతం లేని పరిశీలకురాలు కావాలి. డాక్టరుగారికి ఏ కారు మీదా ఇష్టం లేదని మన రికార్డుల్లోనే ఉంది."

డైరెక్టరుగారు కళ్లు మూసుకున్నారు. "చర పరిశీలన" అని ఒకసారి పలికి చూసుకున్నారు. మాట నచ్చింది. "ఎంతకాలం?"

"సంపూర్ణమయ్యేదాకా సార్. గడువు పెడితే ఏదో ఒక పక్షాన్ని తొందరపెట్టినట్టవుతుంది."

కంపెనీలను ఒప్పించే పని యామిని, మస్తాన్ సాహెబ్ చూసుకున్నారు. ప్రభుత్వ పరిశీలనలో ఉన్న కారు అని బోర్డు రాసుకోవచ్చంటే ఎవరు కాదంటారు? యామిని బ్రాంచి మూసే మాట ఆగిపోయింది. మస్తాన్ సాహెబ్‌ను రిటైరయ్యాక కూడా ఉండమని కుర్ర మేనేజరే అడిగాడట. పరిశీలన మధ్యలో ప్రతినిధిని మార్చకూడదని నేను రాసిన ఉత్తరం కొంత పనిచేసిందనుకుంటాను.

మా ఆఫీసు వెనక ఇప్పుడు చార్జింగ్ పాయింటు ఉంది. దగ్గర పల్లెలకు చంద్రకళ ఎలక్ట్రిక్ కారులో వెళుతుంది. చప్పుడు లేదు కనుక గొడ్లు బెదరవు. గుట్టల అవతలికి, రోజంతా తిరగాల్సిన చోట్లకు డీజిలు కారు తీస్తుంది. ఏది మేలు అని నేనెప్పుడూ ఆమెను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం.

డైరెక్టరుగారు ఇప్పుడు సదస్సులకు శ్రోతగా కాదు, వక్తగా వెళుతున్నారు. చర పరిశీలన మీద మాట్లాడుతున్నారు. మొన్న ఎక్కడి నుంచో ఫోన్ చేశారు.

"చెంగల్రాయులూ, ఇక్కడ అందరూ అడుగుతున్నారు. ఎవరు మేలని తేలింది? ఫలితాలు ఎప్పుడు?"

"ఇంకా సరిగ్గా తేలలేదు సార్. ఇప్పుడు తొందరపడితే ఎవరో ఒకరికి అన్యాయం జరిగిపోతుంది."



"మండలికి కావలసింది మీలాంటి అధికారులయ్యా" అన్నారు.

ఫోన్ పెట్టేశాను. బయట చంద్రకళ బండి తీసి గేటు దాటిపోయింది. ఏ బండి తీసిందో నేను తలెత్తి చూడలేదు.